పేర్ లషేజ్‌లో చోటు ఎవరిచ్చారు? పారిస్ శ్మశానంలో కళాకారుల సమాధుల కథ

జిమ్ మోరిసన్ అమెరికావాడు. ఫ్లోరిడాలో పుట్టాడు, లాస్ ఏంజెలిస్‌లో 'ది డోర్స్' బ్యాండ్ గాయకుడిగా పేరు తెచ్చుకున్నాడు. పారిస్‌కి వచ్చింది 1971 మార్చిలో. ఆ జూలై 3న తానుంటున్న ఫ్లాట్‌లో, బాత్‌టబ్‌లో చనిపోయి కనిపించాడు. వయసు 27. ఆ ఊళ్లో నాలుగు నెలలు కూడా నిండా ఉండలేదు.

అలాంటివాడి సమాధి పేర్ లషేజ్‌లో ఉంది. సంగీతకర్త షోపాన్, నాటకకర్త మోలియేర్, నటి సారా బెర్నార్ ఉన్న శ్మశానం అది. అంత పేరున్న గాయకుడు కాబట్టి ఫ్రాన్స్ ప్రభుత్వం పిలిచి చోటిచ్చి ఉంటుందని చాలామంది అనుకుంటారు. అలాంటిదేమీ జరగలేదు. ఫ్రెంచి చట్టంలో ఒక మామూలు నియమం ఉంది. ఒక ఊరి పరిధిలో ఎవరు చనిపోయినా, వాళ్లది ఏ ఊరైనా ఏ దేశమైనా, ఆ ఊరి శ్మశానాల్లో ఖననానికి వాళ్లకి హక్కుంటుంది. ఆ ఊరి నివాసికీ, అక్కడ కుటుంబ సమాధి ఉన్నవాళ్లకీ కూడా ఆ హక్కు ఉంటుంది. మోరిసన్ పారిస్‌లో చనిపోయాడు, అంతే. జూలై 7న కొద్దిమంది స్నేహితులు వచ్చారు, పది నిమిషాల్లో పని అయిపోయింది. చాలా కాలం దాని మీద సరైన రాయి కూడా లేదు.

ఏటా 30 లక్షల మందికి పైగా చూడ్డానికి వచ్చే శ్మశానం ఇది. వచ్చేవాళ్లలో ఎక్కువమంది పేర్లు వెతుక్కుంటూ వస్తారు. పేరు కనపడగానే ఫోటో తీసుకుని ముందుకి పోతారు. కానీ ఒక గాయకుడికో నటికో ఇక్కడ రాయి పడటం వెనక పెద్ద తతంగం ఉంది. పాతిపెట్టడానికి ఎవరు ఒప్పుకున్నారు, ఆ నేల ఎవరిది, ఎన్నాళ్లకి, మీద రాయి ఎవరిది, అసలు లోపల మనిషి ఉన్నాడా లేడా. ఈ ప్రశ్నలకి జవాబులు కీర్తిలో దొరకవు, కాగితాల్లో దొరుకుతాయి.

చోటే దొరకని రోజులు

ఇవాళ జనం పూలు పట్టుకుని వచ్చేది నటుల దగ్గరికి. మూడున్నర శతాబ్దాల కిందట పారిస్‌లో నటుడు చనిపోతే పాతిపెట్టడమే పెద్ద సమస్య. అక్కడి కాథలిక్ చర్చి దృష్టిలో నాటకాలాడటం పాపపు వృత్తి. ఆ వృత్తిని వదిలేస్తున్నానని చనిపోయే ముందు ఒప్పుకుంటే తప్ప అంత్యక్రియలు చెయ్యరు. శ్మశానాలన్నీ చర్చి చేతుల్లోనే ఉండేవి కాబట్టి, చర్చి కాదంటే ఇక పవిత్రమైన నేలలో చోటు లేనట్టే.

మోలియేర్ 1673 ఫిబ్రవరి 17న చనిపోయాడు. రోగిష్టినని భ్రమపడేవాడి వేషం వేసి, ఆ సాయంత్రం ఆట మధ్యలోనే నిజంగా జబ్బు ముదిరి, ఇంటికి తీసుకెళ్లాక ప్రాణం వదిలాడు. వృత్తిని వదులుకుంటున్నానని చెప్పే వ్యవధి దొరకలేదు. ఆయన భార్య అర్మాండ్ వెళ్లి రాజు 14వ లూయీ కాళ్ల మీద పడింది. రాజు ఆర్చిబిషప్‌కి మాట పంపితే ఆయన నాలుగు షరతుల మీద సరేనన్నాడు: ఆర్భాటం ఉండకూడదు, చర్చిలో ప్రార్థన ఉండకూడదు, ఇద్దరు పూజారులకి మించి రాకూడదు, పగటిపూట జరగకూడదు. ఫిబ్రవరి 21 రాత్రి కాగడాల వెలుగులో పాతిపెట్టారు. దేశంలో అందరికన్నా పెద్ద నాటకకర్త, రాజుగారి మెప్పు పొందినవాడు. ఆయనకే ఇంత జరిగితే మామూలు నటుల సంగతి ఊహించుకోవచ్చు.

1730లో అడ్రియెన్ లెకూవ్రర్ అనే గొప్ప నటి చనిపోయింది. ఆమెకి ఆ రాత్రి చోటు కూడా ఇవ్వలేదు. శవాన్ని తీసుకెళ్లి ఖాళీ స్థలంలో గుట్టుగా పూడ్చేశారు. రచయిత వోల్టేర్ కోపంతో ఒక కవిత రాశాడు. కవితతో సమాధి రాదు కదా. ఆమెకి సమాధి లేదు.

1804 నాటి కాగితం

ఈ గొడవకి సంబంధం లేని వేరే సమస్య వల్ల దారి తెరుచుకుంది. పారిస్ నడిబొడ్డున ఉన్న పాత శ్మశానాలు నిండిపోయాయి. వందల ఏళ్లుగా ఒకరి మీద ఒకరిని పూడ్చిన ఇన్నోసెంట్స్ అనే శ్మశానం దగ్గర, 1780లో పక్కింటి నేలమాళిగ గోడ శవాల బరువుకి కూలి, అవి లోపలికి వచ్చి పడ్డాయి. ఆ శ్మశానం మూసేశారు. ఎముకల్ని తర్వాత బళ్ల మీద తరలించి నగరం కింద ఉన్న పాత రాతిగనుల్లో పేర్చారు. ఇప్పుడు టూరిస్టులు టికెట్ కొని దిగే కాటకోంబ్స్ అవే.

విప్లవం వచ్చి శ్మశానాల్ని చర్చి నుంచి లాక్కుంది. నెపోలియన్ కాలంలో 1804 జూన్ 12న ఒక డిక్రీ, అంటే ప్రభుత్వ ఉత్తర్వు వచ్చింది. ఇకమీదట ఊరి లోపల, చర్చి లోపల ఖననం కుదరదు, ఊరి బయట కొత్త శ్మశానాలు పెట్టాలి. ఒక్కొక్కరికి విడిగా గొయ్యి తియ్యాలి. డబ్బు పెట్టగలిగినవాళ్లకి సొంత సమాధి కట్టుకునేందుకు స్థలం ఇవ్వచ్చు. ఈ మూడూ అందరికీ తెలిసినవే. నాకు అసలు ముఖ్యమనిపించేది 19వ అధికరణం. ఏ మతపెద్ద అయినా ఏ సాకుతోనైనా అంత్యక్రియలు చెయ్యనంటే, ప్రభుత్వాధికారి అదే మతంలో ఇంకో పూజారిని పెట్టాలి. ఏది ఏమైనా శవాన్ని మోయించి పూడ్పించే బాధ్యత ప్రభుత్వాధికారిదే.

ఆ అధికరణంలో నటుల ప్రస్తావన లేదు. అయినా నటులకి అంతకన్నా పనికొచ్చిన వాక్యం ఫ్రెంచి చట్టంలో ఇంకోటి కనపడదు. 131 ఏళ్ల కిందట మోలియేర్ భార్య రాజు దగ్గర ఏడ్చి తెచ్చుకున్న అనుమతి, ఇప్పుడు ఎవరికైనా హక్కుగా దొరికింది.

పేర్ లషేజ్ తెరిచింది అదే ఏడాది మే నెలలో. నగర పరిపాలకుడు నికొలా ఫ్రొషో తూర్పు వైపు కొండ మీద ఒక పాత తోట కొన్నాడు. ఆర్కిటెక్ట్ బ్రోన్యార్ దాన్ని వంపులు తిరిగే దారులు, చెట్లతో శ్మశానంగా గీశాడు. అధికారికంగా దాని పేరు తూర్పు శ్మశానం. జనం మాత్రం ఒకప్పుడు ఆ కొండ మీది ఇంట్లో ఉన్న మతగురువు పేరుతో పిలిచారు: ఫాదర్ లషేజ్, 14వ లూయీ పాపాలు విని క్షమించే గురువు. మోలియేర్ కోసం మాట పంపిన ఆ రాజు గురువే. నటుల్ని వెలివేసిన చర్చికి చెందిన మనిషి పేరు, నటుల కోసం జనం కట్టకట్టుకు వచ్చే చోటికి స్థిరపడింది. ఇలాంటివి ఎవరూ పనిగట్టుకుని చెయ్యలేరు.

కాగితం మీద హక్కు వచ్చినంత మాత్రాన అలవాటు పోదు. 1815 జనవరిలో రోకూర్ అనే నటి చనిపోతే సేంట్ రోష్ చర్చి తలుపులు మూసేశారు. చట్టం వచ్చి పదేళ్లు దాటింది, అయినా పూజారి కదల్లేదు. వేల మంది జనం తలుపులు బద్దలుకొట్టి శవపేటికని లోపలికి తెచ్చారు. చివరికి రాజభవనం కలగజేసుకుంటే గాని ప్రార్థన జరగలేదు. ఆమెని తెచ్చి పాతిపెట్టింది పేర్ లషేజ్‌లోనే. 1826లో తల్మా అనే మహానటుడు ఇంకో పద్ధతి చూపించాడు. మంచాన పడినప్పుడు ఆర్చిబిషప్ వస్తే కలవలేదు. చనిపోయాక చర్చి గడప తొక్కకుండా, పెద్ద జనసందోహం మధ్య నేరుగా శ్మశానానికి తీసుకొచ్చారు. వాళ్లు కాదనే అవకాశమే ఇవ్వలేదు.

పేరున్న ఎముకలు

కొత్త శ్మశానానికి మొదట్లో ఎవరూ రాలేదు. ఊరికి దూరం, కొండ ఎక్కాలి, చర్చి నీడ లేదు. మొదటి ఏడాది 13 ఖననాలే జరిగాయి. ఇవాళ అక్కడ 70 వేల సమాధులున్నాయంటే ఆ 13 నమ్మబుద్ధి కాదు.

1817లో మోలియేర్, కథకుడు లా ఫోంతేన్ అస్థికల్ని తెచ్చి పక్కపక్కన పెట్టారు. మధ్యయుగపు ప్రేమికులు అబెలార్, ఎలోయిజ్‌ల అవశేషాలు కూడా అప్పుడే వచ్చాయి. వీళ్ల పేర్లు చూసి డబ్బున్నవాళ్లు స్థలం కొనడానికి ముందుకొచ్చారని కథ చెప్తారు. దీన్ని చరిత్రలో మొదటి సెలబ్రిటీ ప్రకటన అనేవాళ్లు కూడా ఉన్నారు. నాకిది కొంచెం ఎక్కువ చేసి చెప్పే మాటలా ఉంటుంది. ఖననాలు అంతకు ముందే పెరగడం మొదలైంది. 1812లోనే 800 దాటాయి. పైగా ఈ అస్థికలు అంతకు ముందు ఒక స్మారకచిహ్నాల మ్యూజియంలో ఉండేవి, అది మూతపడింది. వాటిని ఎక్కడో ఒకచోట పెట్టాలి కూడా. రెండూ కలిసొచ్చాయి.

ఇంకో చిక్కు ఉంది. మోలియేర్‌దని చెప్పే ఆ ఎముకలు 1792లో, విప్లవం హడావిడిలో తవ్వి తీసినవి. రాత్రి పూట పూడ్చిన మనిషి, వందేళ్లు దాటాక, గుర్తులు చెదిరిన నేలలో. అవి ఆయనవేనని తేల్చి చెప్పినవాళ్లు లేరు, చరిత్రకారులు అనుమానంగానే చూస్తారు. 25వ డివిజన్‌లో (శ్మశానాన్ని డివిజన్లనే భాగాలుగా విడగొట్టారు) ఇనప కంచె లోపల ఉన్న ఆ రాతిపేటిక ముందు నిలబడ్డప్పుడు మనం చూసేది మోలియేర్‌ని కాకపోవచ్చు. అప్పుడు రాత్రి పూట పూడ్చినందుకు పడిన సిగ్గుకి కట్టిన పరిహారం లాగా దాన్ని చూడచ్చు.

లోపల ఉన్నదెవరు

సమాధి ఉంటే లోపల మనిషి ఉంటాడనేది మామూలు లెక్క. ఇక్కడ ఆ లెక్క చాలాసార్లు తప్పుతుంది.

ఇటలీ సంగీతకర్త రొస్సీని 1868లో ఇక్కడికి వచ్చాడు. 1887లో ఆయన్ని తీసి ఫ్లోరెన్స్‌లోని సాంతా క్రోచే చర్చికి తీసుకెళ్లారు. పేరు చెక్కిన సమాధి 4వ డివిజన్‌లో ఇప్పటికీ ఉంది, లోపల ఆయన లేడు. ఇంకో ఇటలీ సంగీతకర్త బెల్లీనిదీ అదే కథ, 1876లో సొంత ఊరు కతానియాకి వెళ్లిపోయాడు. దేశంగా కొత్తగా కూడుకుంటున్న ఇటలీకి తన కళాకారులు పరాయి నేలలో ఉండటం నచ్చలేదు. చచ్చిపోయాక కూడా పాస్‌పోర్టు పని చేసింది.

షోపాన్ విషయం ఇంకా చిత్రం. 11వ డివిజన్‌లో, వీణలాంటి వాద్యం ఒళ్లో పెట్టుకుని తల వంచి కూర్చున్న సంగీత దేవత పాలరాతి విగ్రహం కింద ఆయన దేహం ఉంది. గుండె లేదు. 1849లో చనిపోయే ముందు ఆయన కోరిక మేరకు గుండె తీసి, మద్యంలాంటి ద్రవం ఉన్న గాజు పాత్రలో పెట్టారు. అక్క లుద్వికా దాన్ని వార్సాకి తీసుకెళ్లింది. అప్పుడు పోలాండ్ రష్యా చేతి కింద ఉంది. ఇప్పుడా గుండె వార్సాలోని హోలీ క్రాస్ చర్చిలో ఒక స్తంభం లోపల ఉంది. 2014లో నిపుణులు ఆ పాత్రని బయటికి తీసి, మూత తెరవకుండానే పరీక్షించారు. క్షయ గుండె పొర దాకా పాకి చనిపోయి ఉంటాడని వాళ్ల అంచనా. పారిస్‌లో ఆయన సమాధి మీద ఎర్ర తెల్ల రిబ్బన్లు కనిపిస్తాయి, అవి పోలాండ్ జెండా రంగులు.

ఇక ఒపెరా గాయని మరియా కలాస్. 1977లో పారిస్‌లో చనిపోతే దహనం చేసి బూడిదని 87వ డివిజన్‌లోని కొలంబేరియంలో పెట్టారు. కొలంబేరియం అంటే బూడిద పాత్రలు పెట్టే గూళ్ల గోడ. ఆ పాత్రని ఎవరో దొంగిలించారు, మళ్లీ దొరికింది. ఆ భయంతోనో మరో కారణంతోనో 1979లో బూడిదని ఏజియన్ సముద్రంలో కలిపారు. గూడు మీద పేరు ఉంది, పూలు కూడా వస్తూనే ఉంటాయి.

ఈ దహనం కూడా ఎప్పుడూ ఉన్నది కాదు. ఫ్రాన్స్‌లో 1887 నవంబరులో వచ్చిన చట్టం, ఎవరి అంత్యక్రియలు ఎలా జరగాలో వాళ్లే నిర్ణయించుకోవచ్చని చెప్పింది. మతపరంగానా, మతం లేకుండానా, పాతిపెట్టాలా, కాల్చాలా అనేది మనిషి ఇష్టం. పేర్ లషేజ్‌లో మొదటి దహనం 1889లో జరిగింది. నర్తకి ఇసడోరా డంకన్ బూడిద కూడా ఈ గూళ్లలోనే ఉంది. 1927లో నీస్ నగరంలో మెడలోని పొడవాటి స్కార్ఫ్ కారు చక్రంలో చిక్కుకుని చనిపోయింది ఆవిడ. 1913లో కారుతో సహా సేన్ నదిలో మునిగిపోయిన ఆమె ఇద్దరు పిల్లల బూడిద కూడా ఇక్కడే ఉంది.

రాయి ఎవరిది, మురికి ఎవరిది

నేల నగరపాలికది. దాన్ని అమ్మరు, వాడుకునే హక్కు ఇస్తారు. దీన్నే కన్సెషన్ అంటారు. పదేళ్లకి, 30 ఏళ్లకి, 50 ఏళ్లకి, శాశ్వతంగా, ఇలా రకాలున్నాయి. మీద కట్టిన రాయి, విగ్రహం కుటుంబానివి. వాటిని శుభ్రంగా ఉంచాల్సింది, బాగు చేయించాల్సింది కూడా కుటుంబమే. దారులు, చెట్లు, కాపలా నగరం పని.

మామూలు సమాధుల విషయంలో ఇది చక్కగా నడుస్తుంది. అభిమానులు వచ్చి పడే సమాధి దగ్గరే చిక్కంతా. ఏటా లక్షల మంది పరాయివాళ్లు తొక్కే చోటుని, ఎక్కడో ఉన్న ఒక కుటుంబం తన ఖర్చుతో ఎంతకాలం చూసుకుంటుంది?

ఆస్కార్ వైల్డ్ సమాధి దీనికి మంచి ఉదాహరణ. తన హాస్య నాటకాలతో లండన్‌ని ఒక ఊపు ఊపిన వైల్డ్, జైలు పాలై, బయటికొచ్చి, 1900లో పారిస్ హోటల్ గదిలో చేతిలో డబ్బు లేకుండా చనిపోయాడు. మొదట నగరం బయట బాన్యో అనే చోట చౌక ఖననం. 1909లో స్నేహితుడు రాబీ రాస్ ఆయన్ని పేర్ లషేజ్‌కి మార్పించాడు. శిల్పి జేకబ్ ఎప్‌స్టీన్ చెక్కిన రెక్కల దేవతామూర్తిని మీద నిలబెట్టారు. దాని నగ్నత్వం చూసి అధికారులు కొంతకాలం గుడ్డ కప్పేశారు. ఆ గొడవ ఎలాగో సద్దుమణిగింది.

1990ల చివర్లో ఎవరో లిప్‌స్టిక్ పెదాలతో ఆ రాయిని ముద్దు పెట్టుకున్నారు. ఆ తర్వాత అదొక మొక్కుబడి అయిపోయింది. కొన్నేళ్లకి రాయి అడుగుభాగమంతా ఎర్రటి ముద్దుల మచ్చలే. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది, రాయికి మాత్రం అది విషం. లిప్‌స్టిక్‌లో రంగుతో పాటు నూనె, మైనం ఉంటాయి. సున్నపురాయికి సన్నటి రంధ్రాలుంటాయి, నూనె వాటిలోంచి లోపలికి ఇంకుతుంది. కడగాలంటే గట్టి రసాయనాలు కావాలి. కడిగినప్పుడల్లా పైపొర కొంచెం పోతుంది, రంధ్రాలు పెద్దవవుతాయి, తర్వాతి ముద్దు ఇంకాస్త లోతుకి దిగుతుంది. ఫలకం పెట్టి వద్దని చెప్పినా, జరిమానా అని బెదిరించినా ఆగలేదు. ముద్దు పెట్టేది విమానం ఎక్కి వెళ్లిపోయే మనిషి, జరిమానా ఎవరి దగ్గర వసూలు చేస్తారు? చివరికి వైల్డ్ పుట్టిన దేశం ఐర్లాండ్ ప్రభుత్వం డబ్బిచ్చి రాయిని శుభ్రం చేయించి, చుట్టూ అడ్డంగా గాజు గోడ పెట్టించింది. 2011 నవంబరు 30న, ఆయన పోయిన రోజునే దాన్ని ఆవిష్కరించారు. ఇప్పుడు ముద్దులు గాజు మీద పెడుతున్నారు. గాజుని తుడవచ్చు.

మోరిసన్ సమాధి దగ్గర కథ ఇంకా ముదిరింది. 1981లో క్రొయేషియా శిల్పి చెక్కిన తల విగ్రహం పెట్టారు. అభిమానులు దాని మీద రాశారు, ముక్కలు విరగ్గొట్టి పట్టుకెళ్లారు, 1988లో మొత్తం విగ్రహమే మాయమైంది. చుట్టుపక్కల సమాధుల మీద 'జిమ్ ఇటువైపు' అని బాణం గుర్తులు గీశారు. ఆ సమాధుల్లో ఉన్నవాళ్లకి, వాళ్ల కుటుంబాలకి ఈ పాటలతో ఏ సంబంధమూ లేదు. పక్కింట్లో సినిమా నటుడు ఉంటే మన గుమ్మం ముందు జనం తోపులాటలా ఉంటుంది వాళ్ల పరిస్థితి. 1991లో ఇరవయ్యో వర్ధంతి రోజు గేటు దగ్గర గలాటా అయి పోలీసులు టియర్ గ్యాస్ వాడాల్సి వచ్చింది. ఆ తర్వాత కాపలా, ఇనప కంచె. కంచె దాటి రాయి అందకపోయేసరికి, పక్కనున్న చెట్టుకి నమిలిన చూయింగ్ గమ్ అంటించడం మొదలెట్టారు. చెట్టుకి వెదురు చాప చుట్టాల్సి వచ్చింది. చాప మీద కూడా అంటించారు.

ఎత్తుకెళ్లిన ఆ తల విగ్రహం 2025 మేలో దొరికింది. వేరే ఏదో కేసులో సోదా చేస్తుంటే పారిస్ పోలీసుల కంటపడింది, 37 ఏళ్లకి.

గడువు అయిపోతే

మోరిసన్‌ని 2001లో తవ్వి పంపించేస్తారని ఒక పుకారు చాలా ఏళ్లు తిరిగింది. 30 ఏళ్ల కన్సెషన్ ముగిసిపోతుందని, గొడవలతో విసిగిన నగరం మళ్లీ పొడిగించదని. ఆ సమాధి శాశ్వత కన్సెషన్ కింద ఉంది, ఎవరూ కదిలించలేదు. పుకారు తప్పే, కానీ దాని వెనకున్న నియమం నిజం. గడువున్న కన్సెషన్‌ని కుటుంబం పొడిగించుకోకపోతే, ఆ చోటు మళ్లీ నగరం చేతికి వస్తుంది.

శాశ్వతం అన్నది కూడా పూర్తిగా శాశ్వతం కాదు. ఇచ్చి 30 ఏళ్లు దాటి, గడిచిన పదేళ్లలో ఎవరినీ అందులో పాతిపెట్టకుండా, చూసుకునేవాళ్లు లేక పాడుపడితే, నగరం నోటీసు అంటించి, కొంత గడువిచ్చి, వెనక్కి తీసుకోవచ్చు. లోపలి అస్థికల్ని గౌరవంగా తీసి శ్మశానం ఉమ్మడి అస్థికల గదిలో పెడతారు. ఆ గది, బార్తొలొమె చెక్కిన పెద్ద మృతుల స్మారకం వెనక ఉంది. టూరిస్టులు ఆ శిల్పం ముందు ఫోటోలు దిగుతారు. దాని వెనక ఏముందో చాలామందికి తెలియదు. పేర్ లషేజ్‌లో ఇప్పటికీ కొత్త ఖననాలు జరుగుతున్నాయంటే ఇలా ఖాళీ అయ్యే చోట్ల వల్లే.

2025 చివర్లో పారిస్ నగరం ఒక లాటరీ ప్రకటించింది. పేర్ లషేజ్, మోంపర్నాస్, మోంమార్త్ర్ శ్మశానాల్లో పాడుపడ్డ 30 పాత సమాధుల్ని ఒక్కోటి 4,000 యూరోలకి నగరవాసులకి ఇస్తామంది. తీసుకున్నవాళ్లు సొంత ఖర్చుతో రాయిని బాగు చేయించాలి. దానికి బదులుగా పక్కన తమకోసం కన్సెషన్ కొనుక్కునే వీలు దొరుకుతుంది. 'మోరిసన్ పక్కన సమాధి' అని పత్రికలు హెడ్డింగులు పెట్టాయి. అసలు విషయం అంత రంగులమయంగా లేదు. రాళ్లు బాగు చెయ్యడానికి డబ్బు లేని నగరం, చోటు లేక ఎదురుచూసే నగరవాసి చేసుకున్న బేరమిది.

పాతిపెట్టాక తవ్వకూడదా అంటే, దానికీ ఒక నటుడి వల్లే చట్టం గట్టిపడింది. గాయకుడు, నటుడు ఈవ్ మోంతాన్ 1991లో చనిపోయాడు. 44వ డివిజన్‌లో భార్య, నటి సిమోన్ సిన్యోరే పక్కన ఉన్నాడు. ఆయన తన తండ్రి అని ఒక యువతి వేసిన కేసులో కోర్టు ఆదేశం మీద 1998 మార్చిలో, అర్ధరాత్రి వేళ సమాధి తెరిచి డీఎన్ఏ నమూనా తీశారు. బతికున్నప్పుడు పరీక్షకి ఆయన ఒప్పుకోలేదు. ఫలితం వచ్చింది, ఆయన తండ్రి కాదు. దేశమంతా ఉలిక్కిపడింది. 2004లో చట్టం మార్చారు. మనిషి బతికుండగా స్పష్టంగా ఒప్పుకుంటే తప్ప, చనిపోయాక ఇలాంటి కేసుల కోసం జన్యు పరీక్ష కుదరదు.

కార్డినల్ ఫెల్తాన్, ఇద్దరు ఆడవాళ్లు

నటుల్ని వెలివేయడం మోలియేర్ కాలంతో పోయిందనుకుంటాం. 1954లో రచయిత్రి కొలెట్ చనిపోయింది. వయసులో మ్యూజిక్ హాల్ వేదికల మీద ఆడిపాడిన మనిషి. ఫ్రాన్స్ ప్రభుత్వం అధికార లాంఛనాలతో సాగనంపింది, ఒక స్త్రీకి ఆ గౌరవం దక్కడం అదే మొదటిసారి. విడాకులు తీసుకుని మళ్లీ పెళ్లి చేసుకుంది కాబట్టి పారిస్ ఆర్చిబిషప్ కార్డినల్ ఫెల్తాన్ చర్చి ప్రార్థనకి ఒప్పుకోలేదు.

తొమ్మిదేళ్ల తర్వాత, 1963 అక్టోబరులో గాయని ఎడిత్ పియాఫ్ పోయింది. ఆర్చిబిషప్ ఆయనే, జవాబూ అదే. ఆమె ప్రాణం పోయింది దక్షిణాన గ్రాస్ పట్టణం దగ్గర. పారిస్ పిల్ల పారిస్‌లోనే పోయినట్టుండాలని రాత్రికి రాత్రే శవాన్ని అంబులెన్స్‌లో రాజధానికి చేర్చారు. మరణ పత్రంలో అక్టోబరు 11, పారిస్ అని ఉంటుంది. నిజానికి పోయింది 10న. చర్చిలో ప్రార్థన లేకపోయినా శ్మశానానికి దాదాపు 40 వేల మంది వచ్చారని చెప్తారు. నాటకాల, మ్యూజిక్ హాళ్ల కళాకారుల మతగురువు ఒకాయన సొంత హోదాలో వచ్చి ఆశీర్వచనం చెప్పి వెళ్లాడు. 2013లో, సరిగ్గా యాభై ఏళ్లకి, ఆమెకి బాప్తిస్మం ఇచ్చిన బెల్విల్ చర్చిలోనే స్మారక ప్రార్థన జరిపారు. 1804 నాటి అధికరణం లేకపోతే ఆ యాభై ఏళ్లూ ఆమె ఎక్కడ ఉండేదో!

వెతుక్కునేవాళ్లకి

ప్రవేశం ఉచితం. 44 హెక్టార్ల కొండ, 97 డివిజన్లు. డివిజన్ నంబరు రాసుకోకుండా వెళ్తే తిరిగి తిరిగి కాళ్లు నొప్పెట్టడమే మిగులుతుంది. గాంబెట్టా మెట్రో స్టేషన్‌లో దిగితే కొండ పైభాగంలో లోపలికి వెళ్తారు, అక్కణ్ణుంచి కిందికి దిగుతూ చూడచ్చు. ఎత్తు ఎక్కే బాధ ఉండదు. పైన 89లో వైల్డ్, మూలన 97లో పియాఫ్, 87లో గూళ్ల గోడ. కొంచెం దిగితే 64లో సినిమా మాయాజాలానికి ఆద్యుడైన మెలియెస్, 44లో మోంతాన్, సారా బెర్నార్. బాగా కిందికొస్తే షోపాన్, మోరిసన్. వెళ్తున్న దారిలో శవయాత్ర ఎదురైతే కెమెరా లోపల పెట్టి పక్కకి తప్పుకోవాలి. అది మ్యూజియం కాదు, పని చేస్తున్న శ్మశానం.

ఒక్క చిన్న సంగతి తెలిస్తే వెతకడం సులువవుతుంది. రాయి మీద పేరు వేదిక మీది పేరులా ఉండకపోవచ్చు. మోరిసన్ రాయి మీద జిమ్ అని ఉండదు. జేమ్స్ డగ్లస్ మోరిసన్, 1943-1971 అని ఉంటుంది, కింద తండ్రి ఎంచిన గ్రీకు వాక్యం. పియాఫ్ అని పెద్దక్షరాల కోసం చూస్తే దాటిపోతారు. అది నల్లరాతి కుటుంబ సమాధి, పక్కన గాసియోన్-పియాఫ్ కుటుంబం అని ఉంటుంది. తండ్రి, రెండేళ్లకే పోయిన కూతురు మార్సెల్, ఆఖరి భర్త తెయో సరాపో, అందరూ అందులోనే. భర్త అసలు ఇంటిపేరు లాంబూకాస్. ఆమె పేరు దగ్గర ముందు ఆ ఇంటిపేరే చెక్కారు: మదామ్ లాంబూకాస్. ఆ తర్వాత, 'అనబడు ఎడిత్ పియాఫ్'.